తట్టకో సెయ్యి

సేపల తట్ట ఎవులి నెత్తిమీదకి ఆళ్ళే ఎత్తుకోనేరు బాబూ. మీకు తెలీదులెండి, మీరు కవర్లో కొనుక్కుని పట్టుకుపోయే మనుసులు. తట్టనిండా కవళ్ళు పోసి, పైన ఇంత ఐసు కొట్టి, గోనె కప్పితే అది లేపడానికి రెండో మనిసి ఉండాల. ఒకావిడ ఇటు పట్టుకుంటాది, ఇంకోవిడ అటు పట్టుకుంటాది, "ఊఁ" అంటే ఒక్క ఊపున ఎల్లి నెత్తిమీద సుట్టకుదురు మీద కూకోవాల. అందుకే పొద్దున్నే మా రేవులో ఎక్కడ సూసినా ఒకటే కేక, "ఓ సెయ్యేయండే!" అని. ఆ కేక ఇంటే పగోళ్ళయినా లెగిసి రావాల. నాకూ మా తోటికోడలికీ సానా కాలం మాటల్లేవు. అయినా దాని తట్ట ఎత్తకండా ఒక్కనాడూ ఉండనేదు. తిట్టుకుంటా ఎత్తీదాన్ని, అంతే.

అలాంటి రేవులో మా దేవి తట్టకి ఒక్క సెయ్యి లెగనేదు.

దేవి మా అక్క కూతురు. అక్క పోయాక నానే దగ్గరుండి లక్ష్మణమ్మ వదిన కొడుకు గోవింద్‌కిచ్చి పెళ్ళి సేసినాను. దేవి మూడేళ్ళు విశాఖపట్నం జైల్లో ఉండి ఈ మధ్యే ఒచ్చినాది. ఎందుకెల్లిందో దాసీదేటీ నేదు. గంజాయి. తుఫానుకి బోటు ముక్కలైపోయి ఇంట్లో పొయ్యి ఎలగని రోజుల్లో ఎవుడో ఒచ్చి, ఒడిశా పక్కనుంచి రెండు సంచులు రైల్లో తెచ్చిపెట్టమన్నాడు. తెచ్చినాది. ఇంకోపాలి ఎల్లినప్పుడు దొరికిపోనాది. "ఏటున్నాదో తెలీక మోసేనని సెప్పవే" అని నాను కాళ్ళూ గెడ్డం పట్టుకున్నాను. "తెలిసే మోసేను పిన్నీ" అన్నాది. జడ్జీగారి ముందర కూడా అదే మాట. నిజం సెప్పడానికైనా ఓ సమయం సందర్భం ఉండొద్దా? దీనికదే నేదు.

అయితే ఊరోళ్ళ కోపం కూడా ఒట్టినే పుట్టిన కోపం కాదు, ఆ మాట కూడా సెప్పాల. దేవి ఫొటో పేపర్లో ఏసి, కింద మా ఊరి పేరు ఏసేసినారు. అప్పటినుంచి శ్రీకాకుళంలో ఏ ఈదికెల్లినా, "ఏటమ్మా, సేపల కిందేటున్నాది?" అని ఒకటే ఎకసెక్కాలు. ఆటో వోడు తట్ట దింపించి కర్రెట్టి పొడిసి సూసీవోడు. నా తట్టా పొడిసినాడు. పండుగప్ప కడుపులో కర్ర దిగబడిపోయి, దాన్నెవులూ కొననేదు. ఆ రోజు నానూ దేవిని నోటికొచ్చినట్టు తిట్టినాను. కాని తిట్టడం ఏరు, ఎలేసీడం ఏరు.

ఒచ్చిన రెండోనాడే తట్ట పట్టుకుని రేవుకి బయలెల్లినాది. "నాల్రోజులు ఇంట్లో కూకోవే, జనం నోళ్ళు సల్లారనీ" అన్నాను. "కూకుని కూకునే ఒచ్చేను గదా పిన్నీ" అన్నాది. వేలంపాటలో డబ్బులిచ్చినోళ్ళకి సేపలిస్తారు, దానికి కులం అడ్డు నేదు. కానాగంత సేపలు పాట పాడి కొనుక్కున్నాది. తట్టకెత్తి ఐసు కొట్టుకున్నాది. సుట్టకుదురు నెత్తినెట్టుకుని మునపట్లాగే గొంతెత్తి కేకేసినాది.

"ఓ సెయ్యేయండే!"

ఎవులూ కదలనేదు. లక్ష్మణమ్మ వదిన మా వరసకి పెద్ద. ఆవిడ లెగిసి కోక దులుపుకుని, "దాని తట్ట ఎత్తినోళ్ళ తట్ట ఇంక ఎవులూ ఎత్తకూడదు" అన్నాది. సొంత అత్త! నాకు అరికాలి మంట నెత్తికెక్కీసినాది. లెగిసి ఎల్లబోతే దేవే ఆపినాది.

"ఒద్దు పిన్నీ. నువ్వెత్తితే ఇద్దరం ఎలి. మా అత్త ఎత్తితే అందరూ ఎత్తుతారు. ఆవిడే ఎత్తాల" అన్నాది.

సాయంత్రం మా కులపెద్ద కూర్మయ్య అరుగుమీద కూకుని నాను రెచ్చిపోనాను. "ఇదేటి నాయం మావా? గవర్నమెంటేసిన శిక్ష అయిపోనాది. మీరింకా ఏస్తారేటి?" అన్నాను. కూర్మయ్య సెడ్డోడు కాదు, పిరికోడు. గెడ్డం గోక్కుని, "అత్త తట్టెత్తినరోజు కులంలో కలిసినట్టే బుల్లమ్మా. కూతురూ కాపరం అన్నీ దానివే. అందాకా నీ ఇంట్లో ఉండనీ, నానేటీ అన్ను. లక్ష్మణమ్మ మనసు మార్సడం నా వల్ల కాదు" అన్నాడు. గోవింద్ గుజరాత్‌లో సేపల వేటకెల్లి ఉన్నాడు. ఆడికి ఫోను సేసినాను. "మాయమ్మ ఏటంటే అదే అత్తా" అన్నాడు. "అయితే మీయమ్మ కోక కట్టుకుని కూకో" అని ఫోను ఎట్టేసినాను.

దేవి కూతురు అమ్మడు. మూడో తరగతి సదువుతన్నాది. తల్లి జైలుకెల్లినప్పుడు ఐదేళ్ళ గుంట. నాయనమ్మే పెంచినాది. ఇప్పుడు తల్లి రెండీదుల అవతల మా ఇంట్లో పడుకుంటన్నాది, పిల్ల అక్కడ. బడికెల్లీటప్పుడు మా ఈది మొగలో దేవి నిలబడేది. నాయనమ్మ పిల్ల సెయ్యి పట్టుకుని అటుపక్క సందులోంచి తిప్పేసీది. దేవికి కావాల్సింది ఒక్కటే. ఆ తట్టకి అత్త సెయ్యి. అది పడితే పిల్ల దొరుకుతాది.

అందాకా తట్టెలా ఎత్తుకునేదో సెప్తాను. ఫైబర్ బోటు అంచుమీద తట్టెట్టి, కింద ఇసకలో గొంతుక్కూకుని, తట్ట అడుగు నెత్తికి ఆనేలాగ లాక్కుని, అలాగే బరువుతో పైకి లెగిసీది. మగోళ్ళయినా లెగనేరు అలాగ. మెడలో నరాలు తాళ్ళలాగ ఉబ్బిపోయేవి. ఒకనాడు కాలు జారి ఎనక్కి పడిపోనాది. సేపలన్నీ ఇసకపాలు. మాలో సిన్నది సింధూరి, దానికి మనసాగక సగం లెగిసినాది. లక్ష్మణమ్మ వదిన సూసిన సూపుకి మళ్ళీ కూకుండిపోనాది. దేవి ఒక్కో సేపా ఏరుకుని, సముద్రంలో కడుక్కుని, మళ్ళీ బోటు కాడికెల్లినాది. ఒక్క తిట్టు తిట్టనేదు, ఒక్క సుక్క కన్నీళ్ళు ఎట్టనేదు. నానైతే రేవు పీకి పందిరేసీదాన్ని.

ఇంక అసలు ఊసుకొస్తాను. ఓ రోజు గాలి తిరగబడి బోట్లు ఆలీసం అయిపోనాయి. అందరం వేలం షెడ్డులో కూకున్నాం. దేవి ఓ మూల ఒక్కత్తీ. మాటా మాటా పెరిగి లక్ష్మణమ్మ వదిన గాల్లోకి సూస్తా అన్నాది, "ఇలాంటోళ్ళని జైల్లో ఎట్టి మేపడం కాదు. ఓడెక్కించి సముద్రం దాటించీయాల" అని.

దేవి నెమ్మదిగా, "అలాగే సేసీవోరంట అత్తా. తెల్లోళ్ళు" అన్నాది.

"మనోళ్ళని అండమాన్ అంపీవోరు, అది మాకూ తెలుసు" అన్నాను నాను.

"మనోళ్ళని కాదు పిన్నీ. ఆళ్ళోళ్ళనే. దొరసాన్లని."

షెడ్డంతా తలకాయలు ఇటు తిరిగిపోనాయి. తెల్లోళ్ళు తెల్లాడోళ్ళని జైల్లో ఎట్టడమేటి? మాకు తెలిసిన దొరసాన్లంటే గొడుగేసుకుని గుర్రబ్బండి ఎక్కీవోళ్ళే. దేవి సెప్పినాది. జైల్లో సదువు సెప్పడానికి సుభద్రమ్మ అని ఓ టీచరమ్మ ఒచ్చీదంట. ఆవిడ ఇంగ్లీషు పుస్తకాలు సూసుకుని ఈ కతలు సెప్పీదంట. ఇంగ్లండులో కూడా కూడు నేనోళ్ళు ఉండీవోరంట. పనిమనుసులు, బట్టలుతుక్కునేవోళ్ళు, ఈదుల్లో సేపలమ్మీవోళ్ళు.

"సేపలమ్మీవోళ్ళు కూడానా?" అన్నాది సింధూరి.

"ఆఁ, తట్ట నెత్తినెట్టుకునే. గుడ్డముక్క దొంగిలించిందని, గిన్నె దొంగిలించిందని ఆళ్ళని పట్టుకుని, ఏడేళ్ళు ట్రాన్స్‌పోర్టు అని శిక్ష ఏసీవోరంట."

"ట్రాన్స్‌పోర్టేటే?" అన్నాను నాను. మాకు తెలిసిన ట్రాన్స్‌పోర్టు ఒక్కటే, రొయ్యల్ని పెట్టెల్లో ఐసేసి లారీకెక్కించీది. "మనుసుల్ని పెట్టెల్లో ఎట్టీవోరా?"

"ఇంచుమించు అంతే పిన్నీ. ఐసు నేదు, అదొక్కటే తేడా" అన్నాది దేవి.

అందరూ పక్కుమన్నారు. దేవి ఊరికొచ్చినాక ఆ షెడ్డులో దాని మాటకి నవ్వడం అదే మొదలు. బోట్లు ఒచ్చీసినాయి. అందరం లెగిసి పరిగెట్టినాం. దేవి తట్ట మాత్రం బోటు అంచుమీదే ఎత్తుకున్నాది.

మర్నాడు సింధూరి కావాలనే దేవి పక్కకెల్లి కూకున్నాది. తట్ట ఎత్తకూడదన్నారు గాని, పక్కన కూకోకూడదని ఎవులన్నారు? "నిన్నటిది సెప్పప్పా. ఆళ్ళని ఎక్కడికంపినారు?" అని అడిగినాది. అలాగ మొదలైంది. ఇంక రోజూ బోట్లు ఒచ్చీదాకా అదే పని. తొందరగా ఒచ్చీసినరోజు మాకు ఇసుగొచ్చీది. సేపలకోసం కూకున్నోళ్ళు బోట్లొచ్చినాయని ఇసుక్కోవడం మా ఊళ్ళో అంతకుముందెప్పుడూ జరగనేదు.

మేరీ అని ఒకావిడ ఊసు ఎక్కువ సెప్పీది. మేం మేరమ్మ అనీవోళ్ళం. మేరమ్మ లండన్లో ఒకింట్లో గిన్నెలు తోమీదంట. పువ్వులద్దకం గుడ్డ ఒక తాను కొట్లోంచి లాగి లంగా కింద దాసీసినాదంట. ఆ రోజుల్లో అలాంటి గుడ్డ సానా మట్టుకు ఇండియానుంచే ఎల్లీదంట. ఇంక సూసుకోండి మావోళ్ళ గొడవ. ఒకావిడ, "మా అమ్మమ్మోళ్ళది పొందూరు. మావోళ్ళు నేసిందే అయ్యుంటాది" అనీసినాది. ఇంకో ఆవిడ, మావోళ్ళ గుడ్డ దొంగిలించినందుకు ఆళ్ళు శిక్ష ఏయడమేటని దెబ్బలాట. మేరమ్మని ఒగ్గీసి ఈళ్ళని ఆపడానికే సరిపోనాది.

ఆస్ట్రేలియాకి ఓడలో ఎన్నో నెలలంట. సముద్రం ఎప్పుడూ సూడని ఆడోళ్ళు. మావోళ్ళకి సముద్రమంటే బయం నేదు గాని, ఓడ కింద అరలో, సీకట్లో, వాంతుల్లో అన్ని నెలలంటే మావోళ్ళే సెంగుతో ముక్కు మూసుకున్నారు. తినడానికి ఉప్పేసిన మాంసం, రాయిలాంటి బిస్కెట్లు. "సుట్టూ సముద్రమే గదా, ఓ సేప పట్టుకుని కాల్సుకోనేరా, ఏబ్రాసి మొకాలు!" అని నాను ఆ ఓడ కెప్టెన్ని తిట్టినాను. "ముట్టయితే ఏటి సేసీవోరప్పా?" అని సింధూరి అడిగినాది. దేవి, "అది టీచరమ్మని అడగనేదే" అన్నాది. ఓడలోనే పురుళ్ళు పోసుకున్నోళ్ళు ఉన్నారంట. ఓడ ఊగతా ఉంటే పురుడు! ఆళ్ళ కడుపు సల్లగుండ, ఏం మనుసులమ్మా అనుకున్నాను. నిజం సెప్తన్నాను, నాకు ఆళ్ళకి దండం ఎట్టాలనిపించినాది.

ఓ ఓడలో ఆడోళ్ళకి ఎవరో పుణ్ణెమున్న అమ్మలు గుడ్డముక్కలు, సూదీ దారం ఇచ్చినారంట. ఈళ్ళు ఊరికే కూకోకండా అందరూ కలిసి ఇంత పెద్ద బొంత కుట్టీసినారంట. వేల ముక్కలు. ఇప్పుడది ఆస్ట్రేలియాలో మ్యూజియంలో ఉన్నాదంట.

బొంత అనేసరికి లక్ష్మణమ్మ వదిన ఈపు కదిలినాది. సెప్పడం మర్సిపోనాను, ఆవిడ రోజూ మాకు ఈపెట్టి సముద్రం వేపు మొకమెట్టి కూకునేది. ఇంటన్నట్టు కనపడకూడదు గదా! కాని మా ఊళ్ళో బొంత కుట్టాలంటే ఆవిడే. పాత కోకలన్నీ ఆవిడ కాడికే ఎల్తాయి. ఆగలేక పక్కావిడతో, "అన్ని సేతులు పడితే కుట్టు ఒకలాగ రాదు. నడిమిది ఒక్కత్తే కుట్టాల" అన్నాది, దేవికి ఇనపడీలాగ. దేవి కూడా పక్కావిడకే సెప్పినట్టు, "నిజమేనంట. నడుమన ముక్క బాగా కుట్టినారంట, అంచుల్లో వంకర్లు పోనాయంట" అన్నాది. ఈళ్ళిద్దరి మధ్యనా ఆ పక్కావిడ గోడలాగ కూకున్నాది, పాపం.

అక్కడికెల్లాక ఆడోళ్ళ జైలుని ఫ్యాక్టరీ అనీవోరంట. "రొయ్యలొలిసీదా?" అన్నారు మావోళ్ళు. ఈళ్ళకి ఫ్యాక్టరీ అంటే అదే మరి. కాదంట. ఉన్ని వడకడం, ఊరందరి బట్టలూ ఉతకడం. ఎదురు తిరిగితే జుట్టు కత్తిరించీవోరంట. అయినా తిరగబడీవోరంట. ఒకపాలి గవర్నరు గారు, ఆళ్ళావిడ, ఓ పాదిరిగారు ఒచ్చి ఈళ్ళని నిలబెట్టి నీతులు సెప్తన్నారంట. సెప్తన్నారు, సెప్తన్నారు, ఎంతకీ ఆపరు. అంతే, ఆడోళ్ళందరూ ఒక్కసారే ఎనక్కి తిరిగి, ఒంగుని, లంగాలు పైకెత్తీసి, ఎనక టపటపా సరుసుకున్నారంట!

ఓలమ్మో! షెడ్డు రేకులు ఎగిరిపోనాయి. సింధూరి ఇసకలో పడి దొర్లినాది. వేలంపాట పాడించీ మగోళ్ళు ఏటయిందోనని పరిగెట్టుకొచ్చినారు. లక్ష్మణమ్మ వదిన నోట్లో సెంగు కుక్కుకున్నాది, ఈపు ఒకటే ఊగుతన్నాది.

"నిజంగా జరిగిందో, జనం పుట్టించిందో తెలీదని టీచరమ్మ అన్నాది" అని దేవి సెప్పబోతే నాను ఒప్పుకోనేదు. "జరిగే ఉంటాది. అంతమంది ఆడోళ్ళని ఒక్కసోట ఎట్టి నీతులు సెప్తే ఇంకేటి జరుగుతాది?" అన్నాను.

మేరమ్మ అక్కడే ఉండిపోనాదంట. ఒకణ్ణి పెళ్ళాడి, రాళ్ళు ఏరి, బంగాళాదుంపలు పండించి, బాటసారులకి పూటకూళ్ళిల్లు పెట్టి, ఆ సుట్టుపక్కల పేరున్న మనిసైపోనాదంట. ఆళ్ళ మనవలు ముందర్లో, మా అవ్వ ఖైదీ అని సెప్పడానికి సిగ్గుపడి దాసీసీవోరంట. ఇప్పుడేమో ఎతికి ఎతికి మరీ, మాయవ్వ ఆ ఓడలో ఒచ్చినాదని గొప్పగా సెప్పుకుంటారంట.

"దొంగతనం సేసి ఎల్లడం గొప్పేటప్పా?" అని ఒకావిడ మూతి తిప్పినాది.

"దొంగతనం గొప్ప కాదే. అదయ్యాక బతికినారు గదా, ఆ బతుకు గొప్ప" అన్నాది దేవి. దేవి మెడ ఓ పక్క వాసిపోయి ఉన్నాది. నాను దాన్నే సూస్తన్నాను.

అప్పుడు సింధూరి అడిగినాది. "మేరమ్మకి ఇంగ్లండులో పిల్లల్లేరా అప్పా?"

ఎప్పుడూ గలగలా సెప్పీ దేవి ఇసక మీద ఏలితో గీతలు గీస్తా ఉండిపోనాది. బోట్లొచ్చినాయి, లెగిసిపోనాం. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తిన్నేదు.

మర్నాడు మబ్బేసి ఉన్నాది. అందరూ ముందే ఒచ్చి కూకున్నారు. ఎవులూ అడగనేదు. దేవే మొదలెట్టినాది.

"ఉన్నాది. ఓ ఆడపిల్ల. సంటిపిల్లలైతే తల్లితో ఓడెక్కనిచ్చీవోరంట. పెద్దపిల్లల్ని సానామందిని ఎక్కనీనేదంట. మేరమ్మ కూతురికి ఎనిమిదేళ్ళు. రేవులోనే ఉండిపోనాది. ఏడేళ్ళే గదమ్మా, బేగి ఒచ్చేస్తానని మేరమ్మ సెప్పినాదంట."

"ఏడేళ్ళకి ఒచ్చినాదా?" అన్నాను నాను.

"రానేదు పిన్నీ. ఏడేళ్ళు అయ్యాక, నీ శిక్ష అయిపోనాది, నీ ఇష్టం, ఎక్కడికైనా పో అన్నారంట. ఓడ మాత్రం ఎవులెక్కిస్తారు? తీసుకెల్లినప్పుడు సర్కారు ఓడ. తిరిగి రావాలంటే సొంతంగా టికెట్టు కొనుక్కోవాల. మగోళ్ళైతే ఓడలో కళాసీ పని సేసుకుంటా ఒచ్చీసీవోరంట కొంతమంది. ఆడదాన్ని ఓడలో పనికెవుడెట్టుకుంటాడు? అందుకని ఏడేళ్ళని శిక్ష ఏస్తారు గాని, ఆడోళ్ళకి అది ఏడేళ్ళు కాదు. బతికినన్నాళ్ళూ."

అప్పుడు సముద్రం వేపునుంచి, ఎనక్కి తిరక్కండానే, లక్ష్మణమ్మ వదిన అన్నాది.

"ఆ గుంట ఏటయిందే?"

దేవి ఒచ్చినాక ఆవిడ నేరుగా దేవినడిగిన మొదటి మాట అదే.

"తెలీదత్తా. టీచరమ్మకీ తెలీదంట. మేరమ్మ గురించి రాసినారు గాని, ఆ పిల్ల గురించి ఎవులూ రాయనేదంట."

"అదేటి? ఎవులూ సూడనేదా దాన్ని?" ఆవిడ ఇటు తిరిగిపోనాది. మొకం ఎర్రగా అయిపోనాది, కోపమో ఏటో. "మేరమ్మకి అత్త నేదేటే?"

సూడండి, ఇంత కత ఇని ఆవిడకొచ్చిన అనుమానం అది! ఇంకెప్పుడైనా అయితే నాను పకపకా నవ్వీసీదాన్ని. ఆ రోజు నవ్వు రానేదు.

దేవి తలెత్తి అత్తని సూసినాది. "ఉన్నాదో నేదో తెలీదత్తా. ఉండుంటే బావుణ్ణని జైల్లో రోజూ అనుకునీదాన్ని. ఈ కత ఇన్నప్పుడు మా గదిలో ఆడోళ్ళందరూ ఏడిసినారు. నాను ఏడవనేదు. మా అమ్మడికి మా అత్తున్నాది గదా, ఆవిడ పస్తుండైనా పిల్లకి ఎడతాది, మేరమ్మ కన్నా నానే అదృష్టవంతురాల్ని అనుకునీదాన్ని. ఆ ఒక్క దైర్నంతోనే మూడేళ్ళూ ఉన్నాను" అన్నాది.

లక్ష్మణమ్మ వదిన మళ్ళీ సముద్రం వేపు తిరిగిపోనాది. ఇంతట్లో బోట్లొచ్చినాయని కేకలు. అందరం లెగిసినాం. ఆ రోజు నెత్తళ్ళు బాగా పడ్డాయి, కవళ్ళు కూడా. పాటలు పాడుకున్నాం, తట్టలు నింపుకున్నాం. దేవి కూడా నింపుకున్నాది. ఎప్పట్లాగే తట్ట ఈడ్సుకుంటా బోటు కాడికెల్లి, అంచుమీదకి ఎక్కించబోతన్నాది.

"ఆగవే."

లక్ష్మణమ్మ వదిన తన తట్ట ఒగ్గీసి నడిసొస్తన్నాది. రేవులో అందరూ ఎక్కడోళ్ళక్కడ ఆగిపోనారు. ఆవిడ ఒచ్చి దేవి ఎదరగా నిలబడి, కోక సెంగు నడుముకి బిగించి, ఒంగుని తట్ట అంచు పట్టుకున్నాది.

"పట్టు" అన్నాది.

దేవి బొమ్మలాగ నిలబడిపోనాది.

"సూస్తావేటే మొకం? సుట్టకుదురు సరిగ్గా ఎట్టుకో. పట్టు అటు."

దేవి పట్టుకున్నాది. వదిన "ఊఁ" అన్నాది. తట్ట లెగిసినాది. దేవి నెత్తిమీదకెల్లి కూకున్నాది. వదిన సేతులు తియ్యనేదు, తట్ట కుదురుకునేదాకా పట్టుకునే ఉన్నాది.

"మూడేళ్ళన్నారు. మూడేళ్ళు అయిపోనాయి. మూడేళ్ళంటే మూడేళ్ళే. ఏడేళ్ళని సెప్పి బతుకంతా రానీకండా సెయ్యడానికి నానేటి తెల్లదాన్నేటే?" అని కసిరినాది. దేవినో, మమ్మల్నో, తన్ను తానో, ఎవుల్ని కసిరిందో తెలీదు. "సేపలమ్మేసి నేరుగా ఇంటికి రా. పిల్ల బడినుంచి ఒచ్చీసరికి నువ్వు ఇంట్లో ఉండాల. నిన్ను తప్పించి దాన్ని సందులోంచి తీసుకెల్తంటే అది నా సెయ్యి గిచ్చీసీది, తెలుసా?"

అప్పుడు ఏడిసినాది దేవి. పోలీసులు పట్టుకెల్లినప్పుడు ఏడవని మనిసి, ఇసకలో పడిపోయిన రోజు ఏడవని మనిసి. నెత్తిమీద తట్టున్నోళ్ళు కళ్ళు తుడుసుకోనేరు బాబూ, రెండు సేతులూ తట్టకే ఉండాల. మొకమంతా తడిసిపోతన్నా అలాగే నిలబడినాది.

లక్ష్మణమ్మ వదినే తన సెంగు ఇప్పి, దాని కళ్ళూ ముక్కూ తుడిసి, "నడు, ఆటో ఎల్లిపోతాది" అన్నాది.